ఆకు వైద్యమేనని చెప్పాను

ఆ మధ్య ఒక సోమవారం సాయంత్రం మా మేనకోడలు కాలేజీ నుంచి ఇంటికి పోతూ మా గుమ్మం ముందు స్కూటీ ఆపింది. నందిగామలోనే ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెబుతుంది. మామూలుగా అయితే తిన్నగా వంటింట్లోకి వెళ్ళి, మా ఆవిడ చేసి పెట్టినదేదో ఒకటి నోట్లో వేసుకున్నాకే నన్ను పలకరిస్తుంది. ఆ రోజు అలా చేయలేదు. నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, రెండు చేతులూ బల్ల మీద బోర్లా పెట్టింది.

"మావయ్యా, బోర్డు మీద రాస్తుంటే చాక్‌పీసు జారిపోతోంది. పొద్దున లేచాక గంటసేపు గుప్పిట ముడవలేకపోతున్నా," అంది. చూస్తే రెండు చేతులకీ వేళ్ళ మొదళ్ళు ఒకేలా ఉబ్బి ఉన్నాయి. "మొన్న జగ్గయ్యపేట వెళ్ళి నాన్నకి చూపించా. వావిలాకు నీళ్ళు కాచుకుని చేతులు పెట్టుకోనా అని అడిగితే, మాట్లాడకుండా లేచి షాపుకెళ్ళిపోయాడు. అంత కాని మాట నేనేం అడిగా? నువ్వు సైన్సు మాస్టారువి కదా, నువ్వు చెప్పు. అది మంచిదా, కాదా?"

చాలా చిన్న ప్రశ్న. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకి సైన్సు చెప్పి ఈ మధ్యే రిటైరయినవాణ్ణి, నాలుగు మాటల్లో చెప్పగలను. కానీ ఆ నాలుగు మాటలకంటే ముందు చెప్పవలసినవి వేరే ఉన్నాయి. పన్నెండేళ్ళుగా ఎవరికీ చెప్పకుండా దాచుకున్నవి. "గురువారం బెజవాడలో డాక్టరుకి చూపిద్దాం. ఈలోపల మీ నాన్నతో నేనొక మాట మాట్లాడాలి," అని మాత్రం అన్నాను. పిల్ల వెళ్ళిపోయాక చాలాసేపు ఆ బల్ల ముందు నుంచి లేవలేకపోయాను. అవి అచ్చంగా మా అక్క చేతులు.

అక్క నాకంటే మూడేళ్ళు పెద్ద. జగ్గయ్యపేటలో ఇంటి ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. పెళ్ళిళ్ళ రోజుల్లో ఆ గదిలో గుడ్డ ముక్కల మధ్య కాలు పెట్టడానికి చోటుండేది కాదు. టేపు మెడలో వేలాడుతూనే ఉండేది గాని దాన్ని పెద్దగా వాడేది కాదు. మనిషిని ఒకసారి తేరిపార చూసి, "పోయినేటికీ ఇప్పటికీ ఒక కుట్టు వదలాలి వదినా," అనేది మర్యాదగా. లావయ్యావని ఎవరినీ అనకుండానే లావైన సంగతి తెలియజేయడంలో ఆమెది అందెవేసిన చెయ్యి. బావకి చిల్లకల్లు రోడ్డులో సైకిళ్ళ షాపు ఉండేది. పోను పోను అది మోటారుసైకిళ్ళ రిపేరు షాపయింది. ఆయన చేతులకి ఎప్పుడూ గ్రీజు మరకలే. ఇంటికొచ్చి రెండుసార్లు సబ్బుతో తోముకుంటే గాని అక్క ఆయన్ని గుడ్డల ఛాయలకి రానిచ్చేది కాదు. నాకు ఉద్యోగం రాకముందు నుంచీ ఆయన నన్ను మాస్టారూ అనే పిలిచేవాడు. నేను మాస్టర్నే అయ్యాను కాబట్టి సరిపోయింది.

అక్కకి నలభై ఎనిమిదో ఏట వేళ్ళు బిగుసుకోవడం మొదలైంది. పొద్దున్నే కత్తెర పట్టు దొరికేది కాదు. ఎండ ఎక్కేకొద్దీ కాస్త వదులయ్యేవి. మిషను పని ఎక్కువై కీళ్ళు అరిగిపోయాయని అందరూ తీర్పు చెప్పేశారు. బావకైతే అనుమానమే లేదు. "బేరింగు ఎండిపోయింది, అంతే. గ్రీజు పడితే అదే తిరుగుద్ది," అన్నాడు. ఆయన లెక్కలో మనిషి కీలుకీ సైకిలు చక్రానికీ పెద్ద తేడా లేదు. ఆ లెక్క ప్రకారమే నువ్వుల నూనె కాచి, కర్పూరం కలిపి, గోరువెచ్చగా ఉండగా అక్క వేళ్ళకి ఒక్కొక్క కణుపుకీ పట్టించేవాడు. బోల్టులు విప్పేటప్పుడు లేని నెమ్మది ఆ చేతుల్లోకి ఎక్కడి నుంచి వచ్చేదో. దొడ్లో వావిలి మొక్క ఉండేది. పొద్దున్నే ఆ ఆకు దూసి, నీళ్ళలో వేసి మరగబెట్టి, ఓర్చుకోగలిగినంత వేడికి దిగాక బేసినులో పోసి అక్క ముందు పెట్టేవాడు. ఆమె అందులో చేతులు ముంచుకుని కూర్చుంటే, పక్కనే పీట వేసుకుని, చల్లారినప్పుడల్లా కాసిని వేడినీళ్ళు కలిపేవాడు. ఆ వైద్యాన్ని ఎగతాళి చేయడం నాకు అప్పట్లో ఒక సరదా. "చర్మం మీద రాసిన నూనె కీల్లోకి దిగదు బావా. మనిషికి గ్రీజు పెట్టే బెజ్జం ఉండదు," అనేవాణ్ణి. "నీ సైన్సు నీ బళ్ళో చెప్పుకో మాస్టారూ," అనేవాడు ఆయన, అక్క వేళ్ళ మీద నుంచి కళ్ళు తిప్పకుండా.

సంగతి చుట్టాల్లో పాకాక వచ్చినవాళ్ళందరూ తలో వైద్యం మోసుకొచ్చారు. మైలవరం నుంచి పెద్దనాన్న సంచి నిండా నల్లేరు కాడలు తెచ్చి, పచ్చడి చేసుకు తింటే విరిగిన ఎముకలు కూడా అతుక్కుంటాయన్నాడు. నార తీసి బాగా వేయించాలన్న సంగతి చెప్పడం మాత్రం మరిచిపోయాడు. ఆ పూట ఇంటిల్లిపాదికీ నాలుకలూ గొంతులూ దురద పెట్టి, పెద్దనాన్నతో సహా అందరం మాటలు మానేసి మజ్జిగ తాగుతూ కూర్చున్నాం. ఇంకొకావిడ జిల్లేడాకు వెచ్చచేసి కట్టమంది; పాలు తగిలి అక్క మణికట్టు మీద బొబ్బలు లేచాయి. పక్కింటావిడ, లారీ డ్రైవరు గారి భార్య, రంజానుకి వాళ్ళింటిల్లిపాదికీ అక్క చేతే బట్టలు కుట్టించుకునేది. ఆవిడ మేక కాళ్ళు గంటల తరబడి ఉడికించి, పాయా చేసి క్యారేజీలో పంపేది. దానితో కీళ్ళలో గుజ్జు పుట్టిందో లేదో గాని, వైద్యాలన్నిట్లోకీ అక్క మానకుండా పుచ్చుకున్నది అదొక్కటే.

అక్క అత్తగారిది మాన్పించే వైద్యం. చింతపండు మానాలి, పెరుగు మానాలి, దుంపలు మానాలి, వంకాయ ఊసే ఎత్తకూడదు, అన్నీ వాతం. అక్కకి వంకాయంటే ప్రాణం. అందుకని లైనింగు గుడ్డలు కొనాలని వంక పెట్టి, నెలకొకసారి బస్సెక్కి నందిగామ వచ్చేది. మా ఆవిడ గుత్తివంకాయ చేసి పెట్టేది. కడుపునిండా తిని, చెయ్యి కడుక్కుని, మళ్ళీ వాసన చూసుకుని, "ఇంకాస్త సబ్బివ్వు అమ్మాయ్, మా అత్తకి జగ్గయ్యపేట దాకా వాసనొచ్చుద్ది," అనేది. రెండేళ్ళు దాటాక ఒకసారి అలాగే వచ్చింది. కంచం ముందు కూర్చుంది. అన్నం కలుపుదామంటే వేళ్ళు వంగలేదు. చిటికెన వేలి వైపు అన్నీ ఒరిగిపోయి ఉన్నాయి. మా ఆవిడ చెంచా తెచ్చి పక్కన పెట్టింది. అక్క చెంచా వైపు చూసి, "ఆకలిగా లేదురా," అంది. అప్పటికి మిషను మీద గుడ్డ కప్పేసి నాలుగు నెలలైందని ఆ రోజే చెప్పింది.

గంటన్నర ప్రయాణంలో బెజవాడ ఉంది. అక్కడ కీళ్ళవాతం చూసే డాక్టర్లున్నారు. మర్నాడే తీసుకెళ్ళి ఉండవలసింది. నేను తీసుకెళ్ళలేదు. మా స్కూల్లో పనిచేసే తెలుగు మాస్టారు, వాళ్ళ అత్తగారు మంచం దిగి నడిచిందని, జిల్లా సరిహద్దు దాటాక ఖమ్మం వైపు ఒక పల్లెలో ఒకాయన పొడి ఇస్తాడని చెప్పాడు. అక్కడికి వెళ్ళాను. కాగితం పొట్లాల్లో బూడిదరంగు పొడి, తేనెలో రంగరించి నాకాలి. "అన్నీ అడవి మూలికలే సారూ. ఇంగ్లీషు డాక్టర్లకి మాత్రం చెప్పకుండ్రి, వాళ్ళకి మా మందంటే గిట్టదు," అన్నాడాయన. బావ నూనెని ఎగతాళి చేసిన సైన్సు మాస్టర్ని, ఆ పొడిలో ఏముందని ఒక్క మాట అడగలేదు.

నాలుగో రోజు పొద్దున్నే అక్క ఫోను చేసింది. "తమ్ముడూ, ఇవాళ నా జడ నేనే వేసుకున్నా," అంది. నొప్పి చేత్తో తీసేసినట్టు పోయిందట. ఆ ఆదివారం వెళ్ళేసరికి మిషను చప్పుడు వీధి దాకా వినిపిస్తోంది. బావ గుమ్మంలో నిలబడి, "నీ మందు గెలిచింది మాస్టారూ. అయినా నా నీళ్ళు నేను మానను," అని నవ్వాడు. నేను నెలనెలా సరిహద్దు దాటి వెళ్ళి పొట్లాలు తెచ్చాను. అలా రెండున్నరేళ్ళు.

అక్క ముఖం గుండ్రమైంది. ఒళ్ళు చేసింది, మందు పట్టిందని చుట్టాలు సంతోషించారు. "ఇప్పుడు నాకు నేనే కుట్లు వదులుకోవాలి," అని ఆమె కూడా నవ్వింది. తర్వాత షుగరు వచ్చింది. చేతుల మీద చర్మం ఉల్లిపొర లాగా పలచబడి, బల్ల అంచు తగిలినా నల్లగా కమిలేది. నా దగ్గర చదువుకుని నందిగామలో మందుల షాపు పెట్టుకున్నతనికి ఒకసారి పొట్లం చూపించాను. వేళ్ళ మధ్య నలిపి చూసి, "ఏ మూలికైనా మూడు రోజుల్లో ఇంత పని చెయ్యదండి. స్టెరాయిడ్ కలిపుంటారు. ఒకసారి డాక్టరుకి చూపించండి మాస్టారూ," అన్నాడు. పొట్లం జేబులో పెట్టుకుని వచ్చేశాను. ఆ మాట నిజమైతే మందు మార్చాలి. మారిస్తే అక్క మళ్ళీ జడ వేసుకోలేదేమోనని భయం. ఇంకో కారణం కూడా ఉంది, అది రాయడానికే సిగ్గుగా ఉంది. బావ ముందు నేను మోసపోయానని ఒప్పుకోవాలి.

ఒక నెల వెళ్ళేసరికి ఆ పల్లెలో ఆయన ఇంటికి తాళం వేసి ఉంది. ఎక్కడికి పోయాడో ఎవరికీ తెలియదు. పొట్లాలు ఒక్కసారిగా ఆగిపోయాయి. పది రోజులు తిరక్కుండానే అక్కకి జ్వరం, వాంతులు, లేచి నిలబడితే కళ్ళు తిరగడం. నందిగామలో చూసి బెజవాడ తీసుకెళ్ళమన్నారు. అక్కడ ఆసుపత్రిలో చేర్చుకుంటూ డాక్టరు అడిగాడు, ఏమేం మందులు వాడుతున్నారని. బావ నా పక్కనే నిలబడి ఉన్నాడు. "షుగరు మాత్రలండీ. కీళ్ళకి ఇంట్లో ఆకు వైద్యమేనండీ," అని చెప్పాను. నా పొట్లాలు కూడా ఆకులూ మూలికలే అనుకునే ఆయన అవునన్నట్టు తలూపాడు. ఆ మాట నా నోటి నుంచి ఎంత తేలిగ్గా వచ్చిందో ఇప్పటికీ గుర్తుంది.

మర్నాడు మధ్యాహ్నం ఇంకో పెద్ద డాక్టరు వచ్చి, అక్క ముఖం, చేతులు చూసి, నన్నొక్కణ్ణే తన గదిలోకి పిలిచాడు. పొడులేమైనా వాడారా అని అడిగాడు. అప్పుడు చెప్పాను. ఇన్నాళ్ళూ బయటి నుంచి స్టెరాయిడ్ పోస్తుంటే ఒంట్లో దాన్ని తయారుచేసే గ్రంథులు పని మానేస్తాయని, హఠాత్తుగా ఆపేస్తే జ్వరాన్ని తట్టుకునే శక్తి ఒంటికి ఉండదని చెప్పి, ఆయన వెంటనే ఇంజెక్షన్లు మొదలుపెట్టించాడు. "నిన్ననే చెప్పి ఉంటేనండీ?" అని అడిగాను. "చెప్పలేనండి. మాకు ఒక రోజు దొరికేది," అన్నాడు. సాయంత్రం అక్క కళ్ళు తెరిచి, "తమ్ముడూ, ఎదురింటి పెళ్ళికూతురి జాకెట్టు చంకల దగ్గర పట్టేసిందన్నారు. సరిచేసి ఇవ్వలేదు," అంది. నాతో ఆమె అన్న ఆఖరి మాట అదే. మూడో రోజు పొద్దున పోయింది. యాభై మూడేళ్ళు. మేనకోడలు అప్పుడు నిండు నెలలతో ఉంది, ఆసుపత్రికి రానివ్వలేదు.

పదో రోజుకి చుట్టాలందరూ ఒక మాట మీదికి వచ్చారు. మొదట్లోనే పెద్ద డాక్టరుకి చూపించకుండా ఆకులూ నూనెలూ అంటూ పెళ్ళాన్ని చంపుకున్నాడని. నేను తెచ్చిన పొట్లాల మీద ఎవరికీ అనుమానం రాలేదు. చాటుగా అనలేదు, బావకి వినపడేలాగే అన్నారు. బావ పెరట్లోకి వెళ్ళి, గునపం తీసుకుని వావిలి మొక్కని వేళ్ళతో సహా పెకలించాడు. పాతికేళ్ళ మొక్క, చాలాసేపు పట్టింది. నేను వసారాలో కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడి చూశాను. నోరు తెరిస్తే ఒక్క నిమిషంలో అయిపోయేది. తెరవలేదు. ఆ తర్వాత పన్నెండేళ్ళలో నందిగామ నుంచి జగ్గయ్యపేటకి ఎన్నిసార్లు వెళ్ళానో. ఆయన ఇంట్లో తిన్నాను, ఆయన స్కూటరు మీద తిరిగాను. ఎప్పుడూ తెరవలేదు.

మేనకోడలు వచ్చి వెళ్ళిన మర్నాడు, మంగళవారం పొద్దున బావ షాపుకి వెళ్ళాను. బావకిప్పుడు దగ్గర దగ్గర డెబ్భై. ఒంటిపూట షాపు తీస్తాడు. బండి చెయిను ఒకటి విప్పి పళ్ళెంలో పెట్టుకుని కడుగుతున్నాడు. ఎదురుగా స్టూలు మీద కూర్చుని అంతా చెప్పాను. మందుల షాపతను అన్న మాట, ఆసుపత్రిలో నేను చెప్పిన అబద్ధం, డాక్టరు గదిలో జరిగింది, ఏదీ వదలకుండా. ఆయన కడగడం ఆపి వింటున్నాడు. నేను ముగించాక చెయినుని పళ్ళెంలోంచి తీసి గుడ్డ మీద పెట్టాడు.

"ఆ రోజు డాక్టరు గదిలోంచి బయటికొచ్చి నువ్వు నా మొహం చూళ్ళేదు," అన్నాడు. "నా తప్పు నాతో అనలేక అలా ఉన్నావనుకున్నా. మంచోడివి, పైకి అనట్లేదులే అనుకున్నా."

"బావా..." అన్నాను.

"ఇన్నేళ్ళూ ఆ నీళ్ళు కాచిన చేతుల్తోనే అన్నం తిన్నా మాస్టారూ," అన్నాడు. చెయిను మళ్ళీ పళ్ళెంలో వేసి, "ఇంక నువ్వు వెళ్ళు," అన్నాడు.

గురువారం నందిగామ బస్టాండులో మేనకోడలితో నిలబడి ఉండగా జగ్గయ్యపేట వైపు నుంచి వచ్చిన బస్సులో బావ కనిపించాడు. పక్క సీట్లో సంచి పెట్టి కూతురికి చోటు ఆపాడు. నేను వెనక సీట్లో కూర్చున్నాను. కంచికచర్ల దాటింది, ఇబ్రహీంపట్నం దాటింది, బెజవాడ దాకా ఆయన కండువా అంచే చూస్తూ కూర్చున్నాను.

డాక్టరు వయసులో చిన్నావిడ. పిల్ల వేళ్ళని ఒక్కొక్కటే నొక్కి చూసి, ఇంట్లో ఇంకెవరికైనా ఉండేదా అని అడిగింది. ఈసారి నిజమే చెప్పాను, పొట్లాల సంగతితో సహా. మేనకోడలు కూడా మొదటిసారి అప్పుడే వింది. నావైపు తిరగలేదు, బల్ల మీద ఉన్న తన చేతుల్నే చూసుకుంటూ కూర్చుంది. ఆవిడ నిదానంగా చెప్పుకొచ్చింది: ఇది అరుగుదల కాదని, మిషను కుట్టినందుకో చాక్‌పీసు పట్టినందుకో వచ్చేది కాదని, ఒంటిని కాపాడవలసిన శక్తే దారితప్పి కీళ్ళ మీద పడుతుందని, తొందరగా మందు మొదలుపెడితే వేళ్ళు వంకర పోకుండా చాలావరకు ఆపవచ్చని. పరీక్షలకి రాసిచ్చింది. వంకాయ మానాలా అని మేనకోడలు అడిగితే నవ్వి, అక్కర్లేదంది.

అప్పటిదాకా మూలన కూర్చున్న బావ గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, వావిలాకు నీళ్ళలో చేతులు పెట్టుకుంటే మనిషికేమన్నా అవుద్దా అండీ?"

"ఏం కాదండి. వేడికి బిగువు వదులుతుంది, హాయిగా ఉంటుంది. కాకపోతే లోపలి జబ్బుని అది ఆపదు. దాంతోనే సరిపెట్టుకోకూడదు, అంతే."

"నూనె పట్టిస్తేనో?"

"నూనె కీల్లోకి వెళ్ళదండి. కానీ నొప్పిగా ఉన్నప్పుడు మనవాళ్ళు నెమ్మదిగా రాస్తుంటే బాగానే ఉంటుంది కదా."

ఆయన తలూపాడు. కండువా తీసి ముఖం తుడుచుకోవడం మొదలుపెట్టి, ఎంతకీ ఆపలేదు. మేనకోడలు లేచి వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. నేను బయటికి వచ్చి వరండాలో నిలబడ్డాను.

పిల్లకి మాత్రలు మొదలుపెట్టారు. బావ కూతురింట్లోనే ఉంటున్నాడట, ఎవరి పెరట్లోనో ఆకు అడిగి తెచ్చి పొద్దున్నే నీళ్ళు కాస్తున్నాడట, మాత్ర మింగాకే చేతులు పెట్టనిస్తున్నాడట. ఈ కబుర్లన్నీ మేనకోడలు మా ఆవిడకి ఫోనులో చెప్పింది. నన్ను అడగలేదు. వాళ్ళిల్లు మా ఇంటికి నాలుగు వీధుల అవతలే. బావ ఇంకా నాతో మాట్లాడలేదు. మాట్లాడమని అడిగే మొహం నాకు లేదు. ఎదురుచూస్తూ కూర్చున్నప్పుడు ఒక్కోసారి లెక్క వేసుకుంటాను. నాకిప్పుడు అరవై రెండు. చిన్నప్పటి నుంచీ నాకంటే మూడేళ్ళు ముందు నడిచిన మనిషిని, ఏ రోజున దాటానో తెలియకుండానే దాటి ఇంత దూరం వచ్చేశాను. ఆమె అక్కడే యాభై మూడు దగ్గర ఉండిపోయింది, నన్ను మాత్రం కాలం మా అక్కకంటే పెద్దవాణ్ణి చేసింది.